ఎన్ఆర్ఐ అయ్యాక ఊళ్లో పొలం, హైదరాబాద్ శివార్లలో ఫామ్ ప్లాటు, పాత సిప్‌లు: ఏది కొనొచ్చు, ఏ డబ్బు వెనక్కి వెళ్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మూడేళ్ల కిందట హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద డాలస్ వెళ్లారు. అప్పటి నుంచి మిగిలిందంతా ఇక్కడున్న పాత ఎస్బీ (సేవింగ్స్) ఖాతాకే పంపుతున్నారు. వెళ్లకముందు మొదలుపెట్టిన మ్యూచువల్ ఫండ్ సిప్‌లు అందులోంచే కట్ అవుతున్నాయి. ఊళ్లో రెండెకరాలు అమ్మకానికి వచ్చాయి, కొందామని నాన్నగారు అంటున్నారు. స్నేహితుడేమో చేవెళ్ల వైపు ఫామ్ ప్లాటు తీసుకోమంటున్నాడు. వీటిలో మీ పేరున ఏది కొనొచ్చు, రేపు అవసరం పడితే ఆ డబ్బు మళ్లీ అమెరికా తీసుకెళ్లొచ్చా అన్నది మీ సందేహం.

ముందు సూటిగా జవాబు. పొలం మీ పేరున కొనకూడదు. ఫామ్ ప్లాటు కూడా కాగితాల్లో పొలమే, కాబట్టి అదీ కుదరదు. ఇల్లు, ఫ్లాటు, ఆమోదం ఉన్న లేఅవుట్‌లో ఇంటి స్థలం, షాపు, ఆఫీసు స్థలం ఎన్నైనా కొనొచ్చు, రిజర్వు బ్యాంకు అనుమతి అక్కర్లేదు. మ్యూచువల్ ఫండ్లు ఇక్కడి చట్టం ప్రకారం కొనొచ్చు, కానీ అమెరికాలో ఉన్నవారికి అక్కడి పన్ను దగ్గర పెద్ద చిక్కు ఉంది. పాత ఎస్బీ ఖాతాను మాత్రం వెంటనే మార్పించండి. ఇక డబ్బు వెనక్కి వెళ్లే సంగతి: మీరు ఏం కొన్నారన్నది ఎంత ముఖ్యమో, ఏ ఖాతాలోంచి కట్టారన్నది అంతకంటే ముఖ్యం.

నేను విజయవాడలో చార్టర్డ్ అకౌంటెంట్‌ని. గల్ఫ్, అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉన్న మనవాళ్ల ఫైళ్లే నా పనిలో ఎక్కువ భాగం. పన్ను ఎగ్గొట్టాలని చేసి ఇరుక్కున్నవాళ్లు నా దగ్గరకు తక్కువ వస్తారు. కొనేసి, రిజిస్ట్రేషన్ అయిపోయాక అడిగేవాళ్లే ఎక్కువ. మీరు కొనకముందే అడిగారు కనుక కాస్త విపులంగానే రాస్తాను.

మీరు ఎన్ఆర్ఐనా కాదా అనేది రెండు చట్టాలు రెండు రకాలుగా చెబుతాయి. విదేశీ మారకద్రవ్యానికి సంబంధించిన ఫెమా చట్టం 1999 ప్రకారం, ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్లిన రోజు నుంచే మీరు నాన్ రెసిడెంట్. ఖాతాలు, ఆస్తులు, పెట్టుబడులు అన్నీ ఈ లెక్క ప్రకారమే నడుస్తాయి. ఆదాయపు పన్ను చట్టం మాత్రం ఆ ఆర్థిక సంవత్సరంలో మీరు ఇండియాలో ఎన్ని రోజులున్నారో లెక్కపెడుతుంది. ఉద్యోగానికి వెళ్లిన సంవత్సరంలో 182 రోజుల కంటే తక్కువ ఇక్కడ ఉంటే నాన్ రెసిడెంట్. తర్వాతి సంవత్సరాల్లో సెలవు మీద వచ్చేవాళ్లకూ మామూలుగా 182 రోజులే. ఇండియాలో ఆదాయం 15 లక్షలు దాటినవాళ్లు మాత్రం 120 రోజుల గీత చూసుకోవాలి. "ఈ ఏడాది నేను టాక్స్‌కి రెసిడెంట్‌నే కదా, అందుకే ఎస్బీ ఖాతా మార్చలేదు" అని కొందరు అంటుంటారు. ఆ రెండూ వేర్వేరు లెక్కలు.

ఇక ఖాతాల సంగతి. ఫెమా ప్రకారం నాన్ రెసిడెంట్ అయినవాళ్లు మామూలు ఎస్బీ ఖాతా నడపకూడదు. దాన్ని బ్యాంకుకు చెప్పి ఎన్ఆర్‌ఓగా మార్పించాలి. ఖాతా మూసేయాల్సిన పని లేదు, నంబరు మారుతుందా లేదా అన్నది బ్యాంకును బట్టి ఉంటుంది. దాంతో పాటు కొత్తగా ఒక ఎన్ఆర్‌ఈ ఖాతా తెరవండి.

ఈ రెండింటి తేడా ఒక్కసారి బాగా పట్టుకుంటే మిగతా రూల్స్ చాలావరకు వాటంతటవే అర్థమవుతాయి. ఎన్ఆర్‌ఈలోకి బయట సంపాదించిన డబ్బు వస్తుంది. రూపాయల్లోనే ఉంటుంది, కానీ ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎంతైనా, పరిమితి లేకుండా వెనక్కి తీసుకెళ్లొచ్చు. మీరు ఫెమా ప్రకారం నాన్ రెసిడెంట్‌గా ఉన్నంతకాలం దాని మీద వడ్డీకి ఇండియాలో పన్ను లేదు. ఇక్కడ పుట్టిన డబ్బుకు, అంటే అద్దె, డివిడెండ్, పెన్షన్, పాత ఆస్తి అమ్మిన సొమ్ము లాంటివాటికి ఎన్ఆర్‌ఓ. దాని వడ్డీ మీద 30 శాతం, సెస్‌తో కలిపి 31.2 శాతం టీడీఎస్ (చేతికి ఇవ్వకముందే కోసే పన్ను) పోతుంది. అందులోని అసలును వెనక్కి పంపాలంటే ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల డాలర్ల వరకు, పన్ను కట్టామన్న కాగితాలతో, పంపొచ్చు. అద్దె, వడ్డీ, డివిడెండ్ లాంటి ఏటేటి ఆదాయం ఆ పరిమితిలోకి రాదు.

మూడేళ్లుగా ఎస్బీకి పంపిన డబ్బు గురించి మీరు టెన్షన్ పడుతున్నట్టున్నారు. ఆ డబ్బు ఎక్కడికీ పోదు. ఖాతా ఎన్ఆర్‌ఓ అయ్యాక అది ఎన్ఆర్‌ఓ సొమ్ము అవుతుంది, అంతే. నేరుగా ఎన్ఆర్‌ఈకి పంపి ఉంటే ఏ కాగితమూ లేకుండా వెనక్కి వెళ్లేది. ఇప్పుడు 10 లక్షల డాలర్ల దారిలో, సీఏ సర్టిఫికెట్‌తో వెళ్తుంది. అందుకు మీరిచ్చే డిక్లరేషన్‌ను 15సీఏ, సీఏ ఇచ్చే సర్టిఫికెట్‌ను 15సీబీ అంటారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చి సెక్షన్ల, ఫారాల నంబర్లు మారాయి, మీకు తెలిసిన పాత పేర్లతోనే నేను చెబుతున్నాను. ఈ మూడేళ్లలో అమెరికా నుంచి వచ్చిన ప్రతి బదిలీకి బ్యాంకు దగ్గర విదేశీ చెల్లింపు ధ్రువపత్రం, లేదంటే కనీసం స్టేట్‌మెంట్, తీసి దాచుకోండి. పదేళ్ల తర్వాత ఇల్లు అమ్మేటప్పుడు ఆ కాగితం కోసం వెతుక్కునేవాళ్లను చాలామందిని చూశాను.

రూపాయి విలువ తగ్గుతుందన్న భయం ఉంటే ఎఫ్‌సీఎన్ఆర్ డిపాజిట్ చూడండి. డాలర్లలోనే ఉంటుంది, 1 నుంచి 5 ఏళ్ల గడువు, వడ్డీకి ఇండియాలో పన్ను లేదు. ఎన్ఆర్‌ఈ ఎఫ్‌డీ అయినా, ఇదైనా ఏడాది నిండకముందే తీస్తే వడ్డీ అసలు రాదు.

అమెరికా నుంచి పంపే డబ్బు మీద 1 శాతం పన్ను వేశారట కదా అని ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. 2026 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది కానీ నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్కు లాంటివి ఇచ్చి పంపేవాటికే. మీరు బ్యాంకు ఖాతా నుంచి పంపుతున్నారు కనుక మీకు తగలదు.

ఇప్పుడు పొలం. మనవాళ్లకు మనసు లాగేది ఇక్కడే కనుక దీని గురించి ఎక్కువ రాస్తాను.

ఎన్ఆర్ఐ గానీ ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారు) గానీ వ్యవసాయ భూమి, తోటల భూమి, ఫామ్‌హౌస్ కొనకూడదు. రూల్ ఇంతే, ఎకరాల లెక్క ఏమీ లేదు, పది గుంటలైనా అంతే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనో తహసీల్దార్ ఆఫీసులోనో ఎవరూ ఆపరు. మీకు భారత పాస్‌పోర్టు ఉంది, ఆధార్ ఉంది, పాన్ ఉంది. స్లాట్ దొరుకుతుంది, రిజిస్ట్రేషన్ అవుతుంది, పట్టాదారు పాసుపుస్తకం కూడా చేతికి వస్తుంది. "మరి గవర్నమెంటే రిజిస్టర్ చేసిందిగా" అనుకుంటారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు చూసేది అమ్మేవాడికి హక్కుందా, స్టాంపు డ్యూటీ కట్టారా అన్నదే. ఫెమా కింద కొనుగోలు సక్రమమా కాదా అన్నది వాళ్ల పని కాదు. ఫెమా ఉల్లంఘనకు ఆ లావాదేవీ విలువకు మూడు రెట్ల దాకా జరిమానా వేయొచ్చు. ఇప్పటికే కొనేసినవాళ్లకు రిజర్వు బ్యాంకు దగ్గర కాంపౌండింగ్ దరఖాస్తు అనే దారి ఉంది. తప్పు ఒప్పుకుని, సొమ్ము కట్టి సరిచేసుకోవడం. అంతదాకా రాకుండా ఉండటమే మేలు.

ఫామ్ ప్లాట్ల విషయానికి వస్తే, చేవెళ్ల, షాద్‌నగర్, సదాశివపేట వైపు అమ్మే వాటిలో చాలావరకు గుంటల లెక్కన అమ్మే సాగుభూమే. లోపల రోడ్లు వేస్తారు, గేటు పెడతారు, మామిడో శ్రీగంధమో నాటుతారు, నిర్వహణ మేమే చూస్తామంటారు. కానీ పత్రంలో సర్వే నంబరు, గుంటలు, పాసుపుస్తకం ఉంటే అది వ్యవసాయ భూమే. మీ స్నేహితుడు పంపిన బ్రోచర్ పక్కన పెట్టి, అమ్మకపు పత్రం నమూనా అడగండి. అందులో నాలా మార్పిడి ఉత్తర్వు (సాగుభూమిని వేరే వాడకానికి మార్చిన ఆదేశం), లేఅవుట్లను ఆమోదించే హెచ్ఎండీఏ లేదా డీటీసీపీ ఇచ్చిన లేఅవుట్ నంబరు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉంటే అది ఇంటి స్థలం, కొనొచ్చు. ఇవి లేకపోతే వదిలేయండి. "కొనేశాక మార్పిడి చేసుకోవచ్చు సార్" అనే మాటను నమ్మకండి. కొన్న రోజున భూమి ఏమిటన్నదే చట్టం చూస్తుంది. అమరావతిలో భూసమీకరణ కింద రైతులకు వచ్చిన రిటర్నబుల్ ప్లాట్ల గురించి కూడా అడుగుతుంటారు. అవి నివాస, వాణిజ్య ప్లాట్లు. హక్కు పత్రాలు సరిగా ఉంటే ఎన్ఆర్ఐలు కొనొచ్చు.

సరే, నాన్నగారి పేరున కొంటే? దీనికి ఒక్క మాటలో అవుననో కాదనో చెప్పలేను.

మీరు నాన్నగారికి డబ్బు గిఫ్ట్‌గా ఇచ్చి, ఆ డబ్బుతో ఆయన తన కోసం తన పేరున పొలం కొనుక్కుంటే అది పూర్తిగా సక్రమం. కొడుకు తండ్రికిచ్చే గిఫ్ట్ మీద ఇండియాలో పన్ను లేదు. ఎన్ఆర్‌ఈ నుంచి ఆయన ఖాతాకు బదిలీ చేసి, ఒక గిఫ్ట్ లేఖ రాసి పెట్టుకోండి. అమెరికా వైపు, ఒకరికి ఏడాదిలో ఇచ్చే గిఫ్ట్ నిర్ణీత పరిమితి దాటితే (2025లో 19,000 డాలర్లు) ఫారం 709 వేయాలి. అది మామూలుగా సమాచారం ఇవ్వడమే, వెంటనే పన్ను పడదు. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి: అప్పుడు ఆ పొలం నిజంగానే ఆయనది. మనసులో "ఇది నాది, ఆయన పేరు మాత్రమే" అనుకుంటే చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

బినామీ చట్టానికి 2016లో సవరణ వచ్చింది, ఆ ఏడాది నవంబర్ 1 నుంచి అమల్లో ఉంది. ఒకరు డబ్బు పెట్టి, తన లాభం కోసమే మరొకరి పేరున ఆస్తి ఉంచితే అది బినామీ. ఆస్తి జప్తు, ఏడాది నుంచి ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా. భార్య పేరున, పిల్లల పేరున, లెక్క చూపగలిగిన ఆదాయంతో కొంటే మినహాయింపు ఉంది. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల విషయంలో మినహాయింపు రావాలంటే పత్రంలో మీ పేరు కూడా ఉమ్మడి యజమానిగా ఉండాలి. పొలం విషయంలో మీ పేరు పెట్టడానికే వీల్లేదు. అంటే ఫెమా ఒకవైపు, బినామీ చట్టం మరోవైపు. మధ్యలో మిగిలే సక్రమమైన దారి నిజమైన గిఫ్ట్ ఒక్కటే.

నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం సంగతి చెబుతాను, ఊరూ పేరూ వద్దు. పెద్దబ్బాయి న్యూజెర్సీలో. ఏళ్ల తరబడి పంపిన డబ్బుతో తండ్రి తన పేరున పొలం కొన్నారు. వీలునామా రాయకుండానే పోయారు. అది తండ్రి స్వార్జితం కిందే లెక్క. హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లికి, ఇద్దరు కొడుకులకు, కూతురికి సమాన భాగాలు. డబ్బంతా తనదే అని పెద్దబ్బాయి నిరూపించబోతే అది బినామీ అని తానే ఒప్పుకున్నట్టవుతుంది. అందరూ మంచివాళ్లే, ఎవరూ మోసం చేయలేదు. అయినా ఇంట్లో మాటలు లేకుండా పోయాయి. కాబట్టి మీ నాన్నగారితో మొదట్లోనే, తోబుట్టువులు కూర్చుని ఉండగా, ఈ మాట మాట్లాడండి. వీలునామా రిజిస్టర్ చేయించుకోవడం ఆయనకు అశుభం కాదు, అందరికీ నిశ్చింత.

వారసత్వం అన్నాను కదా. ఎన్ఆర్ఐ పొలాన్ని కొనకూడదు, గిఫ్ట్‌గా తీసుకోకూడదు, కానీ వారసత్వంగా పొందొచ్చు. గిఫ్ట్ సంగతి చాలామందికి తెలియదు. మన వైపు తండ్రులు సెటిల్‌మెంట్ దస్తావేజు రాసి పిల్లలకు పొలం ఇచ్చేయడం మామూలు. వెంటనే హక్కు మారిపోయేలా రాసిన అలాంటి దస్తావేజును గిఫ్ట్‌గానే చూస్తారు. కొడుకు ఎన్ఆర్ఐ అయితే అది కుదరదు. వీలునామా ద్వారానో, సహజ వారసత్వంగానో వస్తే ఉంచుకోవచ్చు. అమెరికా వెళ్లకముందు, ఇక్కడ రెసిడెంట్‌గా ఉన్నప్పుడు కొన్న పొలమూ ఉంచుకోవచ్చు. అమ్మాలనుకుంటే మాత్రం ఇండియాలో నివసించే భారత పౌరుడికే అమ్మాలి. మీలాంటి మరో ఎన్ఆర్ఐకి అమ్మకూడదు.

ఇంకో ధోరణి కూడా చూస్తున్నాను. అమెరికాలో ఉన్న నలుగురైదుగురు స్నేహితులు డబ్బు కలిపి, ఇక్కడొకరి పేరున పదెకరాలు తీసుకుని, ప్లాట్లు చేసి అమ్ముదామనుకోవడం. భూమి కొని లాభానికి అమ్మే రియల్ ఎస్టేట్ వ్యాపారంలో ఎన్ఆర్ఐ పెట్టుబడికి అనుమతి లేదు. అనుమతులతో టౌన్‌షిప్పులు, ఇళ్లు కట్టడం వేరు, దానికి వేరే దారులున్నాయి. అలాగే ప్రీ-లాంచ్ ఆఫర్లు. రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాజెక్టును ప్రకటించడం, అమ్మడం చట్ట విరుద్ధం. దూరాన ఉన్నవాళ్లు వీటి జోలికి అసలు పోవద్దని నా గట్టి మాట.

ఫ్లాటో ఇంటి స్థలమో కొనాలనుకుంటే ఎన్ఆర్‌ఈ నుంచి కట్టండి. కట్టిన డబ్బు బ్యాంకు దారిలోనే వెళ్లాలి, వచ్చినప్పుడు తెచ్చిన డాలర్ నోట్లు ఇవ్వడం కుదరదు. ఎన్ఆర్‌ఈ నుంచి కట్టి కొన్న ఇంటిని రేపు అమ్మితే, కట్టినంత అసలు పరిమితి లేకుండా వెనక్కి వెళ్తుంది. ఇలా రెండు ఇళ్ల వరకే. పెరిగిన విలువ ఎన్ఆర్‌ఓలోకి వచ్చి 10 లక్షల డాలర్ల దారిలో వెళ్తుంది. అదే ఇంటిని పాత ఎస్బీ డబ్బుతో కొని ఉంటే మొత్తం సొమ్ము ఆ రెండో దారిలోనే వెళ్లాలి.

అమ్మేటప్పుడు వచ్చే దెబ్బ టీడీఎస్. అమ్మేది రెసిడెంట్ అయితే 50 లక్షలు, ఆపైన ఉన్న ఆస్తికి కొనేవాడు 1 శాతం కోస్తాడు. అమ్మేది ఎన్ఆర్ఐ అయితే లెక్కే వేరు. కూకట్‌పల్లిలో 55 లక్షలకు కొన్న ఫ్లాటు రెండేళ్లు దాటాక 90 లక్షలకు అమ్మారనుకోండి. లాభం 35 లక్షలు. దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, సెస్‌తో 13 శాతం, అంటే అసలు పన్ను 4 లక్షల 55 వేలు. కానీ కొనేవాడికి మీ లాభం ఎంతో చట్టం దృష్టిలో తెలియదు. మొత్తం 90 లక్షల మీద, సర్‌చార్జి, సెస్ కలిపి 14.3 శాతం, అంటే 12 లక్షల 87 వేలు కోసి కట్టాలి. మిగతాది రిటర్ను వేసి వాపసు తెచ్చుకోవాలి, దానికి నెలలు పడుతుంది. ఇది తప్పాలంటే అమ్మకం ఒప్పందం కాగానే ఆదాయపు పన్ను శాఖకు తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టాలి. దాన్ని ఫారం 13 అనేవాళ్లం. సర్టిఫికెట్ వచ్చాకే రిజిస్ట్రేషన్ తేదీ పెట్టుకోండి. ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి చూపే లెక్క) సంగతి కూడా: 2024 జూలై 23కు ముందు కొన్న ఇళ్లకు, స్థలాలకు పాత 20 శాతం లెక్క ఎంచుకునే వెసులుబాటు రెసిడెంట్లకే ఇచ్చారు, ఎన్ఆర్ఐలకు లేదు. లాభంతో మరో ఇల్లు కొంటేనో, ఆరు నెలల్లో ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ లాంటి బాండ్లలో 50 లక్షల వరకు పెడితేనో వచ్చే మినహాయింపులు మాత్రం ఎన్ఆర్ఐలకూ ఉన్నాయి.

అద్దెకిస్తే కిరాయిదారు కూడా మీకిచ్చే అద్దెలో 31.2 శాతం కోసి కట్టాలి, అద్దె ఎంత చిన్నదైనా సరే. చాలామంది కిరాయిదార్లకు ఇది తెలియదు. ఒప్పందంలోనే రాయించండి.

మ్యూచువల్ ఫండ్లు. వెళ్లకముందు కొన్న యూనిట్లు అమ్మేయాల్సిన అవసరం లేదు. కేవైసీలో స్టేటస్ ఎన్ఆర్ఐగా మార్పించి, సిప్‌ను ఎన్ఆర్‌ఓ లేదా ఎన్ఆర్‌ఈకి లింకు చేయాలి. అమెరికా, కెనడాల్లో ఉన్నవారి నుంచి కొన్ని ఫండ్ హౌస్‌లు కొత్త డబ్బు తీసుకోవు, కొన్ని షరతులతో తీసుకుంటాయి. ఫాట్కా అనే అమెరికా చట్టం నిబంధనల కింద మీ వివరాలు అమెరికాకు ఇవ్వాల్సిన భారం దానికి కారణం. భారత్, అమెరికా మధ్య ఆ ఒప్పందం 2015 జూలైలో కుదిరింది. అంటే ఇక్కడి మీ ఖాతాల సమాచారం అక్కడికి వెళ్తూనే ఉంది.

దీనికంటే బరువైనది అమెరికా పన్ను. హెచ్‌1బీ మీద అక్కడే ఉంటున్నారు కనుక ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయానికైనా మీరు అక్కడ లెక్క చెప్పాలి. ఇండియాలో పన్ను లేని ఎన్ఆర్‌ఈ వడ్డీకి కూడా అక్కడ పన్ను ఉంది. మన మ్యూచువల్ ఫండ్లను వాళ్లు సాధారణంగా పీఫిక్ (విదేశీ పెట్టుబడి సంస్థలు) అనే కోవలో వేస్తారు. ఆ కోవలో పన్ను లెక్క చాలా కఠినం, ఒక్కో ఫండ్‌కు ఒక్కో ఫారం 8621. అక్కడి పన్ను నిపుణుడి ఫీజు కూడా దానికి తగ్గట్టే. అందుకే అమెరికాలో ఉన్నవారికి నేను కొత్త సిప్‌లు పెట్టమని చెప్పను. ఇండియా మార్కెట్లోనే ఉండాలనుకుంటే నేరుగా మంచి కంపెనీల షేర్లు కొనడం పన్ను లెక్కలో తేలిక. మామూలు వ్యాపారం చేసే కంపెనీ షేరు పీఫిక్ కిందికి రాదు. దానికి డీమ్యాట్‌ను ఎన్ఆర్ఐ కిందికి మార్పించాలి. ఎన్ఆర్‌ఈ డబ్బుతో కొనాలంటే బ్యాంకు ద్వారా పీఐఎస్ (ఎన్ఆర్ఐలు షేర్లు కొనేందుకున్న పథకం) అనుమతి తీసుకోవాలి. ఎన్ఆర్ఐలు డెలివరీ తీసుకునే కొనాలి, ఇంట్రాడే కుదరదు. ఇక్కడున్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి తెలిపే ఫారం) వేయాలి. మూడేళ్లుగా ఎస్బీకి పంపుతున్నారంటే మీరు ఆ గీత దాటే ఉంటారు. వేయకపోయి ఉంటే అక్కడి పన్ను నిపుణుడిని వెంటనే కలవండి.

దుబాయ్‌లో మీ బంధువులెవరైనా ఉంటే, పైన చెప్పిన అమెరికా పన్ను సంగతులు వాళ్లకు వర్తించవు, అక్కడ జీతం మీద పన్నే లేదు. అందుకే వాళ్లు ఫండ్లు పెట్టుకోమని చెబితే అది వాళ్లకు నిజం, మీకు కాదు.

మిగతావి త్వరగా. పీపీఎఫ్ కొత్తగా తెరవలేరు, పాతది 15 ఏళ్లు నిండేదాకా నడపొచ్చు, పొడిగింపు లేదు. పోస్టాఫీసు పథకాలు, సుకన్య సమృద్ధి, సావరిన్ గోల్డ్ బాండ్లు కొత్తగా కుదరవు. ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం)లో పెట్టొచ్చు. ప్రభుత్వ బాండ్లు కొనొచ్చు. రిజిస్టరైన చిట్ కంపెనీలో చీటీ వేయొచ్చు, బ్యాంకు ద్వారా కట్టి, వెనక్కి తీసుకెళ్లని పద్ధతిలో. 2015 నుంచి దీనికి అనుమతి ఉంది. ఊళ్లో నోటిమాట మీద నడిచే చీటీలు మాత్రం వద్దు.

రిటర్ను విషయంలో ఒక భ్రమ తొలగించాలి. 12 లక్షల దాకా పన్ను లేదన్నది రిబేటు వల్ల, ఆ రిబేటు రెసిడెంట్లకే. కొత్త విధానంలో మీకు పన్ను లేని పరిధి 4 లక్షలు. అయితే ఎన్ఆర్‌ఓ వడ్డీ లక్షో లక్షన్నరో మాత్రమే ఉండి వేరే ఆదాయం లేకపోతే, రిటర్ను వేస్తే కోసిన 31.2 శాతం మొత్తం తిరిగి వస్తుంది. చిన్న మొత్తమని చాలామంది వదిలేస్తారు, వదలకండి. పాన్ పోర్టల్‌లో మీ స్టేటస్ నాన్ రెసిడెంట్ అని ఉందో లేదో కూడా చూసుకోండి. ఆధార్ లింకు నుంచి ఎన్ఆర్ఐలకు మినహాయింపు ఉంది కానీ స్టేటస్ మారకపోతే పాన్ పనిచేయకుండా పోయి టీడీఎస్ ఇంకా ఎక్కువ కోస్తారు.

చివరిగా, కొనడానికి రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ సంగతి. నాన్నగారికి ఫలానా ఆస్తి, ఫలానా పని అని రాసిన స్పెషల్ పవర్ ఇవ్వండి, అన్నీ కలిపిన జనరల్ పవర్ వద్దు. అమెరికాలో నోటరీ చేయించి ఆపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) తీసుకోవచ్చు, లేదా హ్యూస్టన్ కాన్సులేట్ ద్వారా ధ్రువీకరించుకోవచ్చు. ఇండియాకు చేరిన రోజు నుంచి మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి, అది దాటితే రిజిస్ట్రేషన్ దగ్గర ఇబ్బంది. కవరు మీద తేదీ ముద్ర కనబడేలా కవరునూ దాచమని చెప్పండి. పని పూర్తయ్యాక రద్దు పత్రం రాసి, ఆ సంగతి బ్యాంకుకూ రిజిస్ట్రార్ ఆఫీసుకూ తెలియజేయండి.

మీ సిప్‌ల మొత్తం విలువ, మీరు ఇండియా వదిలిన నెల, నాన్నగారికి ఇప్పటిదాకా విడిగా ఎంత పంపారో రాస్తే అమ్మాలా ఉంచాలా అన్నది ఇంకా నిర్దిష్టంగా చెప్పగలను. ఖాతా నంబర్లు, సర్వే నంబర్లు మాత్రం ఇక్కడ పెట్టకండి.